మోకాలెత్తు బండి

ఊళ్ళో అందర్నీ వాళ్ళ వాళ్ళ పనుల దగ్గర దింపే మనిషి తన పనికి మాత్రం నడిచి వెళ్ళాలి. బస్సక్క కష్టం అదీ. పొద్దున్నే డిపోలోంచి బయటికొచ్చే మొదటి బస్సు ఆవిడదే. ఆ బస్సు దగ్గరికి ఆవిణ్ణి చేర్చడానికి అంతకన్నా ముందు ఇంకో బస్సు ఉండదు. ఉంటే అదే మొదటిదయ్యేది. ఈ సంగతి ఎంత విడమరిచి చెప్పినా "పోనీ, రెండో బస్సులో రావచ్చుగా అక్కా" అనే కండక్టరు ఒకడు డిపోలో ఎప్పుడూ ఉంటాడు.

ఇల్లు దిగువన, డిపో ఎగువన. మధ్యనున్నదాన్ని వీధి అనడం మర్యాద కోసమే గానీ, గోడ అన్నా తప్పులేదు. దాన్ని ఎక్కీ ఎక్కీ ఇన్నేళ్ళకి బస్సక్క మోకాళ్ళు మొరాయించడం మొదలుపెట్టాయి. మనిషి చూడబోతే నిలువెత్తు విగ్రహం, ఒళ్ళు కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. స్టీరింగు ముందు కూర్చుంటే మహారాణి. అంత పొడుగు బస్సునీ ఇరుకు మలుపుల్లో చీర కుచ్చిళ్ళు సర్దుకున్నంత సులువుగా తిప్పేస్తుంది. దిగి నాలుగడుగులు వేస్తే మాత్రం అడుగుకొక "అబ్బా" రాలుతుంది.

"స్కూటరు కొనుక్కో" అని చెప్పేవాళ్ళకి లోటు లేదు. కొని ఎక్కడ పెట్టాలో మాత్రం ఒక్కరూ చెప్పరు. వాళ్ళుండేది సందులో, రెండో అంతస్తులో. కింద అద్దెకున్నాయన తన సైకిలు మెట్ల దగ్గర పెడితే, తెల్లారేసరికి దాని సీటు మాయమైంది. ఆయన చాలాకాలం ఆ సైకిలు నిలబడే తొక్కాడు.

భర్తది పళ్ళ పని. డాక్టర్లు కొలతలు పంపితే కట్టుడు పళ్ళు తయారుచేసి ఇస్తాడు, ఇంట్లోనే వెనక గదిలో కూర్చుని. అందుకని సందులో అందరూ ఆయన్ని పళ్ళాయన అంటారు. ఆ పేరుతో ఆయన పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు. కొత్తగా కాపురానికి వచ్చినవాళ్ళు సంచీ పట్టుకుని పైకొచ్చి "అరటిపళ్ళున్నాయాండీ" అని అడుగుతారు. ఆయన తలుపు బార్లా తీసి పక్కకి తప్పుకుంటాడు. వెనక అద్దాల బీరువాలో వరసగా నవ్వుతున్న దవడలు చూసి, వచ్చినవాళ్ళు వచ్చినట్టే మెట్లు దిగిపోతారు.

ఆయనకీ ఆవిడకీ పెళ్ళి కుదిరింది కూడా పళ్ళ మీదే. అప్పుడు ఆవిడ కొత్తగా ఉద్యోగంలో చేరిన డ్రైవరు. ఆయన రోజూ అదే బస్సెక్కి డ్రైవరు వెనక సీట్లోనే కూర్చునేవాడు. చాలాకాలం నోరు మెదపలేదు. చివరికి ఒకరోజు దిగబోతూ ఆగి, "ఏమీ అనుకోకండి. సిగ్నల్ పడ్డప్పుడల్లా మీరు పళ్ళు కొరుకుతున్నారు. అద్దంలో కనిపిస్తోంది. ఎడంవైపు దవడపళ్ళు అరిగిపోతాయి" అన్నాడు. "నా పళ్ళు, నా ఇష్టం" అంది ఆవిడ, పళ్ళు కొరుకుతూనే. మర్నాడు నిజంగానే ఎడంవైపు నొప్పెట్టింది. ఆ తర్వాత ఏడాదికి పెళ్ళయింది.

పెళ్ళయ్యాక ఆయన మరీ మాట్లాడేస్తాడని ఆవిడేమీ అనుకోలేదు. మాట్లాడలేదు కూడా. ఆయనకి మైనం, సుద్ద, సన్న ఆకురాయి. ఆవిడకి బస్సు, హారను, జనం. కూతురు హాస్టలుకి వెళ్ళాక ఇల్లు మరీ నిశ్శబ్దమైపోయింది. "ఉప్పు సరిపోయిందా?" అంటే "ఊఁ" అనేవాడు. సరిపోకపోయినా "ఊఁ" అనే అనేవాడు.

ఇలా ఉండగా బస్సక్క కంట ఆ బండి పడింది.

బజార్లో పెద్ద బట్టల కొట్టు ముందు సిగ్నల్ ఉంది. అక్కడ ఆగినప్పుడల్లా డ్రైవరు సీట్లోంచి కొట్టు అద్దాల కిటికీ కనిపిస్తుంది. అందులో జీన్సు ప్యాంటు తొడిగిన ప్లాస్టిక్ బొమ్మ ఒకటి, దాని కింద ఒక బుల్లి మోటార్‌సైకిలు. చూడ్డానికి ఆటవస్తువులా ఉంది గానీ అసలు సిసలు బండే. గుమ్మడికాయంత ట్యాంకు, భోజనం కంచాలకన్నా కాస్త పెద్ద చక్రాలు, యాభై సీసీ ఇంజను. హ్యాండిలు మరలు వదులు చేస్తే రెండువైపులా లోపలికి ముడుచుకుంటుంది. మెట్లెక్కించి ఇంట్లో పెట్టుకోవచ్చు! సిగ్నల్ ఆకుపచ్చ పడ్డా బస్సక్క కదలకపోవడం, వెనకవాళ్ళు హారన్లు మోగించడం ఆ రోజు నుంచే మొదలయ్యాయి.

కొట్టువాళ్ళు కిటికీలో సరుకు మార్చిన రోజు ఆవిడ లోపలికి వెళ్ళి బండి అడిగింది. వాళ్ళకీ దాన్ని వదిలించుకోవాలనే ఉంది.

"బొమ్మని కూడా తీసుకెళ్తారా?" అన్నాడు కొట్టాయన.

"బొమ్మెందుకు? దాని బదులు నేను కూర్చుంటా."

కొట్టాయన ఆవిణ్ణి కింది నుంచి పైదాకా ఒకసారి, బండిని పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి, నోటిదాకా వచ్చిన మాట మింగేశాడు.

మెట్ల మీద పలక వేసి, ఆవిడ ముందు నుంచి లాగుతూ, ఆయన వెనక నుంచి తోస్తూ బండిని పైకెక్కించారు. బాల్కనీలో నిలబెట్టాక పళ్ళాయన దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, చాలాసేపు చూసి, "ఇది ఎదుగుతుందా?" అని అడిగాడు. ఫొటో పంపితే కూతురు వెంటనే ఫోన్ చేసింది. "నేనిలా వచ్చానో లేదో అప్పుడే చెల్లెల్ని తెచ్చుకున్నారా?" అంది.

మర్నాడు పొద్దున్నే బస్సక్క హెల్మెట్ పెట్టుకుని బండెక్కింది. సందు చివరిదాకా ప్రయాణం హాయిగా సాగింది. ఎత్తు మొదలయ్యాక బండి గొంతు మారింది. ముందు మూలిగింది, తర్వాత దగ్గింది, సగం ఎత్తులో ఇక నా వల్ల కాదని నిలబడిపోయింది. దిగడానికి మనసొప్పలేదు. మొదటిరోజే దిగి తోసుకుంటూ వెళ్తే నలుగురూ ఏమనుకుంటారు? అందుకని సీటు మీద కూర్చునే, రెండు కాళ్ళతో నేలని తంతూ, మధ్యమధ్య ఇంజను అందించే రవ్వంత సాయంతో పైకి నడిచింది. పాల బండి తోసుకుంటూ వెళ్ళే మనిషి ఆవిణ్ణి దాటిపోతూ "కొత్తదా?" అని మర్యాదగా పలకరించాడు.

డిపో గేటు దగ్గరికి చేరేసరికి ఒళ్ళంతా చెమట. టైమ్‌కీపరు కిటికీలోంచి తల బయటపెట్టి, "అక్కా, నువ్వు బండి మీద వచ్చావా, బండి నీ మీద వచ్చిందా?" అన్నాడు. లోపల కండక్టర్లందరూ గొల్లుమన్నారు. ఆవిడ కూడా నవ్వేసింది గానీ, ఆ రోజంతా సిగ్నళ్ళ దగ్గర దవడలు గట్టిగానే పనిచేశాయి.

డిపోలో బస్సులు బాగుచేసే పెద్ద మెకానిక్కుని అందరూ బాబాయ్ అంటారు. ఆయన మధ్యాహ్నం బండి పక్కన బోర్లా పడుకుని పరీక్ష చేసి, లేచి చేతులు తుడుచుకున్నాడు.

"ఇంజన్ని తిట్టకమ్మా, పాపం. అసలు లోపం వెనక చక్రానిది. దానికి పళ్ళు చాలవు."

"పళ్ళా?"

"చైను తిరుగుతుంది చూడు, ఆ స్ప్రాకెట్టు. దానికి పళ్ళెక్కువుంటే మెల్లగా తిరుగుతుంది గానీ బరువు లాగుతుంది. నీదేమో…" అని ఆవిణ్ణి చూసి మాట మార్చాడు. "అంటే, ఎత్తు ఎక్కువ కదా."

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆవిడ ఊరికే, ఎవరితోనో అన్నట్టు, "బండికి పళ్ళు చాలవంట" అంది.

పళ్ళాయన నమలడం ఆపేశాడు.

"ఎన్ని ఉన్నాయి?"

"నేను లెక్కపెట్టానా ఏంటి?"

"అరిగాయా? వంకరగా ఏమన్నా ఉన్నాయా?"

"చాలవంటున్నా కదండీ!"

"ఏదీ, చూద్దాం పద" అని చెయ్యి కడుక్కుని, పనిలో పెట్టుకునే భూతద్దాల కళ్ళజోడు తగిలించుకుని బాల్కనీలోకి వెళ్ళాడు. అటు ఆ బండి వెనక చక్రం పక్కన తల దూర్చి పడుకున్న మనిషి తన భర్తేనా అని బస్సక్క చాలాసేపు గుమ్మంలో నిలబడి చూసింది. ఇన్ని ప్రశ్నలు వరసగా ఆయన తనని ఏనాడూ అడగలేదు.

పళ్ళెక్కువున్న స్ప్రాకెట్టు బాబాయ్ ఎక్కడో సంపాదించాడు. తీరా తెస్తే దాని మధ్య రంధ్రం ఈ బండి ఇరుసు కన్నా పెద్దది. మధ్యలో ఒక రింగు కావాలి. "లేతు మిషను దగ్గర చేయిస్తా" అన్నాడు బాబాయ్. పళ్ళాయన ఒప్పుకోలేదు. పంటికి తొడుగు చేసినట్టే మైనంతో రింగు అచ్చు చేశాడు, సుద్దలో పోతపెట్టాడు, కరిగిన లోహం పోశాడు, ఆకురాయితో అరగదీసి, తర్వాత మెరుగు పెట్టాడు. ఎవరికీ కనపడని చోట, చైను మురికి మధ్యలో ఉండబోయే ఆ రింగు, పెళ్ళికొడుకు ముందుపన్నులా మెరిసింది. "ఇంత మెరుగెందుకండీ?" అంటే, "నోట్లో వెనకపళ్ళు మాత్రం ఎవరికి కనిపిస్తాయి?" అన్నాడు.

ఈసారి బండి ఎత్తెక్కింది. ఆగలేదు, దగ్గలేదు, శుభ్రంగా ఎక్కింది. కాకపోతే సాయంత్రం చదునుగా ఉన్న రోడ్డు మీద సంగతి బయటపడింది. ఇంజను ఊరంతా లేచేలా అరుస్తుంది, బండి మాత్రం పెళ్ళిచూపులకి వచ్చినట్టు ఒద్దికగా కదులుతుంది. నాలుగో గేరు అయిపోయాక ఐదోది ఉంటే బాగుండునని కాలు ఊరికే వెతుక్కుంటుంది. పార్కు పక్కన చేతికర్రతో నడుస్తున్న ముసలావిడ బండితో సమానంగా కాసేపు నడిచింది. తర్వాత దాటిపోయి, వెనక్కి తిరిగి, "ఒంట్లో బాగోలేదా అమ్మా?" అని అడిగింది.

అదిగో, ఆ మాట బస్సక్కకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఇంటికొచ్చి హెల్మెట్ విసిరేసి, "ఇంజను మార్చేద్దాం" అంది.

ఏమీ మార్చకుండా అదే చట్రంలో సరిపోయే పెద్ద ఇంజను, పాతదానికి రెండింతల పైచిలుకు బలమున్నది, బాబాయ్ ఒక పాత బండి లోంచి విప్పి తెచ్చాడు. తెచ్చినవాడు అలాగే బిగించేస్తే అయిపోయేది. పళ్ళాయన దాన్ని బిగించనివ్వలేదు. పెట్రోలూ గాలీ కలిసి లోపలికెళ్ళే దారిలో వేలు పెట్టి తడిమి, "ఎంత గరుకుగా ఉందో! ఇలాంటి నోటితో ఎవరైనా తినగలరా?" అని బాధపడ్డాడు. ఇంజను ముక్కలు ముక్కలుగా వెనక గదిలోకి చేరింది. పళ్ళు రాకే సన్న డ్రిల్లుతో ఆ దారంతా నున్నగా అరగదీశాడు. చూపించమంటే టార్చి వేసి చూపించేవాడు. డాక్టర్లు కట్టుడు పళ్ళ కోసం ఫోన్లు చేస్తే బస్సక్కే ఎత్తి, "అయిపోవచ్చిందండీ, మెరుగు పెడుతున్నారు" అనేది. అబద్ధం కాదు, దేనికి మెరుగన్నదే చెప్పేది కాదు.

ఆ వారంలోనే ఆయన చెల్లెలు చూసి పోదామని వచ్చింది. వంటింట్లో టీ పెట్టుకుందామని పంచదార డబ్బా పక్కనున్న చిన్న డబ్బా మూత తీసింది. లోపల మెత్తటి గుడ్డ, ఆ గుడ్డలో నాలుగైదు సన్నటి, మెరిసే, చంటిపిల్లల గాజులంతేసి కడియాలు. అవి పిస్టన్ చుట్టూ వేసే రింగులని ఆవిడకేం తెలుసు? హాల్లోకి వచ్చి బస్సక్క పక్కన కూర్చుని, గొంతు తగ్గించింది.

"వదినా, ఎన్నో నెల?"

బస్సక్క ధ్యాసంతా ఇంజను మీదే ఉంది. "నెలలెందుకు పడతాయి? వచ్చే ఆదివారానికల్లా బయటికి తెచ్చేస్తాం."

"ఆదివారమా! అమ్మో, ఏమీ తెలియట్లేదే! డాక్టరేమంటున్నాడు?"

"డాక్టరేంటి? మీ అన్నయ్యే చూసుకుంటున్నారు. లోపలంతా తన డ్రిల్లుతోనే శుభ్రం చేశారు."

చెల్లెలు ఒక్క ఉదుటున లేచింది. వెనక గదిలోకి పరుగెత్తి, "అన్నయ్యా, నీకు మతిపోయిందా!" అని అరిచిన అరుపుకి బీరువాలో దవడలు కూడా కదిలాయి. సంగతి తెలిశాక ముందు కోపం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆపుకోలేక టీ తాగకుండానే ఇంటికెళ్ళిపోయింది. సాయంత్రానికి చుట్టాలందరికీ తెలిసిపోయింది, పుట్టబోయేది మోటార్‌సైకిలని.

కొత్త ఇంజను బిగించాక బండి స్వరమే వేరు. పాతది ఈగలా జుయ్యిమనేది, ఇది గొంతు సవరించుకున్న మనిషిలా ఉంది. బస్సక్క ఆనందం పట్టలేక, ఎత్తు మొదట్లోనే యాక్సిలరేటరు పూర్తిగా తిప్పేసింది.

ఆ తర్వాత జరిగింది ఆవిడకి పూర్తిగా గుర్తులేదు. ముందు చక్రం నేలని వదిలి లేచింది. హెడ్‌లైటు ఆకాశంకేసి చూసింది. ఆవిడ హ్యాండిలుని వదిలేసి, సీటు మీంచి వెనక్కి జారి, రోడ్డు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. బండి మాత్రం భారం దిగినందుకు సంతోషించినట్టు ఒక్కతే కాస్త దూరం పోయి, గోడకి ఆనుకుని నిలబడింది. మొదటి బస్సు కోసం డిపోకి నడిచి వస్తున్నవాళ్ళు చుట్టూ చేరారు. "అక్కా, దెబ్బ తగిలిందా?" అని ఒకరంటే, "అయితే ఇవాళ బస్సు లేనట్టేనా?" అని ఇంకొకరు అడిగారు.

బస్సు ఉంది. అరచేతులు చెక్కుకుపోయి కట్లు కట్టించుకుంది గానీ, బస్సు తీయకుండా ఉండలేదు. సీట్లో మాత్రం రోజంతా కాస్త పక్కకి ఒరిగి కూర్చుంది.

సాయంత్రం పళ్ళాయన ఆ కట్లు చూశాడు. బండి తాళం తీసుకుని జేబులో వేసుకున్నాడు.

"ఇక అది వద్దు."

"ఎందుకొద్దు? కాస్త పైకి లేచింది, అంతే కదా."

"నువ్వు కింద పడ్డావు."

"పడితే? ఇన్నేళ్ళ నుంచి అంత బస్సు తోలుతున్నా. నాకు తెలీదా?"

"బస్సులో నీ వెనక సీట్లో నేను కూర్చుంటా. చూస్తుంటా. దాని మీద నీ వెనక ఎవరున్నారు?"

వెనక సీట్లో కూర్చుని మీరు ఆపేదేముంది, చేసేదేముంది అని అడగొచ్చు. కానీ పళ్ళ డబ్బాలు డాక్టర్లకి ఇచ్చి రావడానికి ఈయన ఈ రోజుకీ తన బస్సే ఎందుకెక్కుతాడో, ఖాళీ సీట్లెన్ని ఉన్నా ఆ ఒక్క సీటే ఎందుకు వెతుక్కుంటాడో ఆవిడకి అప్పుడే అర్థమైంది. ఇంత చిన్న సంగతి తెలియడానికి ఒక మోటార్‌సైకిలు మీంచి పడాల్సొచ్చిందా అని తనమీద తనకే విసుగేసింది.

ఇద్దరికీ రాజీ కుదరడానికి కొన్నాళ్ళు పట్టింది. చివరికి ఆయనే తాళం తెచ్చి బల్లమీద పెట్టాడు. "సరే. కానీ ముందు దానికి ఆగడం నేర్పుదాం. పరుగు సంగతి తర్వాత."

ఆగడం నేర్పే పని పెద్దదే అయింది. పాత స్కూటరు నుంచి తీసిన డిస్కు బ్రేకు ముందు చక్రానికి అమర్చారు. బరువంతా వెనకే పడుతోంది కాబట్టి, వెనక చక్రాన్ని పట్టుకునే ఇనుప చేతులు కాస్త పొడవైనవి కావాలన్నాడు బాబాయ్. అవి వేశాక చక్రం ఒక జానెడు వెనక్కి జరిగింది. గట్టి షాకబ్జర్లు వచ్చాయి. సీటు కూడా పొడుగైంది. యాక్సిలరేటరు తీగని పళ్ళాయన ఎలా సర్దాడో గానీ, ఎంత ఆత్రంగా తిప్పినా ఇంజను మర్యాదగా, మెల్లమెల్లగా అందుకునేది. బండిలో మొదట కొన్నది ఇంకా ఏం మిగిలిందని ఒకరోజు ఆవిడ లెక్క చూస్తే ట్యాంకు, చట్రం, హారను తేలాయి. ఆ హారను కూడా మార్చాల్సిందే. అది పిల్లి తుమ్మినట్టుంటుంది.

ఇంత చేశాక బాబాయ్ మెల్లగా ఇంకో మాట చెప్పాడు. ఇంజను మార్చినప్పుడు బండిని రవాణా ఆఫీసులో చూపించి కాగితాలు సరిచేయించాలి. "ఇంత బుల్లిదాన్ని ఎవరు పట్టుకుంటారులే" అన్నారు డిపోలో. బస్సక్క వినలేదు. లైసెన్సే తిండి పెడుతున్న మనిషి. సెలవు పెట్టి, భర్తని వెంటబెట్టుకుని వెళ్ళింది. ఆయన బండెక్కలేదు, బస్సులో వచ్చాడు. చిన్నప్పుడెప్పుడో ఎవరో వెనకెక్కించుకుని పడేసిన దగ్గర్నుంచి రెండు చక్రాలున్నది ఏదీ ఆయన ఎక్కలేదు. దారిలో డాక్టరుకి ఇవ్వాల్సిన పళ్ళ డబ్బా చేతిలో ఉంది.

ఆఫీసులో ఇన్‌స్పెక్టరు నవ్వితే జీతం కోస్తారన్నట్టుండే మనిషి. బండి చుట్టూ తిరిగి, టేపు పెట్టి కొలిచి, "నేను నడిపి చూడాలి" అన్నాడు. ఎక్కి కూర్చుంటే మోకాళ్ళు చెవుల దాకా వచ్చాయి. గేటు దాటాడు, మలుపు తిరిగాడు. తిరిగి రాలేదు.

చాలాసేపు చూశారు. "పడిపోయి ఉంటాడా?" అన్నాడు పళ్ళాయన. "పెట్రోలు అయిపోయి ఉంటుంది" అంది ఆవిడ. లోపల్నుంచి గుమాస్తా ఒకాయన వచ్చి "మా సారు ఏరీ?" అని అడిగితే ఇద్దరూ నేలచూపులు చూశారు. పోలీసులకి చెప్పాలంటే, బండి పోయిందని చెప్పాలా, ఇన్‌స్పెక్టరు పోయాడని చెప్పాలా అన్నది వాళ్ళు తేల్చుకునేలోపే దూరం నుంచి ఇంజను చప్పుడు వినిపించింది. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. జుట్టంతా లేచి నిలబడింది. హ్యాండిలుకి కూరగాయల సంచీ వేలాడుతోంది.

"బ్రేకులు బజార్లోనే సరిగ్గా తెలుస్తాయి" అన్నాడు ఎవరూ అడక్కుండానే. దిగి, సంచీ చేతిలోకి తీసుకుని, మొహం మళ్ళీ బిగించుకున్నాడు. "బాగానే ఉంది. కాకపోతే ఒకటి. కాగితాల్లో ఇద్దరికి సీటని ఉంది. పొడుగు మార్చారు కాబట్టి ఇద్దరితో ఆ వెనక ఎత్తు ఎక్కి చూపించాలి. లేకపోతే ఒక్కరికే అని మార్చేస్తా."

"ఒక్కరికే అని రాసేయండి" అనబోయింది బస్సక్క. "ఒక్క" అన్న మాట దగ్గరే ఆగిపోవాల్సి వచ్చింది, పళ్ళాయన అడ్డుపడి "ఆగండి" అన్నాడు గనక. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. చేతిలో డబ్బా ఇన్‌స్పెక్టరుకి ఇచ్చి, "కాస్త పట్టుకోండి, జాగ్రత్త" అని, ఎవరో బలవంతాన ఎక్కించినట్టు బండి వెనక ఎక్కి కూర్చున్నాడు.

"గట్టిగా పట్టుకోండి" అంది ఆవిడ.

"దేన్ని?"

"నన్నేనండీ! ఇంకెవర్ని?"

పట్టుకున్నాడు. ఊపిరాడనంత గట్టిగా పట్టుకున్నాడు. ఆఫీసు వెనక లారీల్ని పరీక్షించడానికి కట్టిన సిమెంటు ఎత్తు ఉంది. బండి దాని మొదట్లో గొంతు దించుకుంది, ముందు చక్రం నేలని కరుచుకునే ఉంది, ఇద్దర్నీ మోసుకుంటూ నింపాదిగా పైకెక్కింది. పైన చదునులో ఆవిడ బ్రేకు నొక్కితే తలుపు గడియ పడ్డంత ఖచ్చితంగా ఆగింది.

"కళ్ళు తెరిచారా?"

"తెరిచా."

"ఎప్పుడు?"

"ఇప్పుడే." తర్వాత వెనక నుంచి ఆయనే అన్నాడు, "ఇంకోసారి వెళ్దామా?"

ఆ మాటన్నది ఆయనేనా అని ఆవిడ వెనక్కి తిరిగి చూసుకుంది. తర్వాత కిందికి దిగి మళ్ళీ ఎక్కారు. మళ్ళీ దిగారు. ఇన్‌స్పెక్టరు "చాలమ్మా, సరిపోయింది" అని చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. చేతిలో డబ్బాలో ఏముందోనని మూత తీసి చూసి ఆయన ఉలిక్కిపడటం, పళ్ళ సెట్టుని కూరగాయల సంచీలో పడకుండా ఒడిసి పట్టుకోవడం, ఎత్తు మీద నుంచి ఇద్దరికీ స్పష్టంగా కనిపించాయి. నవ్వుతో బండి ఊగిపోయింది.

కాగితాలొచ్చాయి. ఇద్దరికి సీటు అలాగే ఉంది. ఇప్పుడు పొద్దున్నే బస్సక్క డిపోకి వెళ్తుంటే, ఏ పనీ లేకపోయినా ఆయన వెనకెక్కుతాడు. గేటు దగ్గర దిగి, చేతులు వెనక్కి కట్టుకుని, ఆ ఎత్తంతా ఒక్కడే నడిచి కిందికి వస్తాడు. దార్లో పాల మనిషితో ఇంజను గురించి మాట్లాడతాడు. ఎంత మాట్లాడతాడంటే ఆ మనిషి ఈ మధ్య వేరే వీధి నుంచి వెళ్తున్నాడు. ఇన్‌స్పెక్టరు తనకీ అలాంటి బండి ఒకటి దొరుకుతుందేమో చూడమని రెండుసార్లు ఫోన్ చేశాడు.

బండికి రంగు వేయడం ఒక్కటే మిగిలింది. ట్యాంకు గీకేసి, ఇనుప రంగులో వట్టిగా నిలబడి ఉంది. ఆవిడకి ఎరుపు కావాలి. ఆయన మొన్న గదిలోంచి ఒక పొడుగు పట్టీ తెచ్చి ఆవిడ ముందు పరిచాడు. పళ్ళ రంగు కుదర్చడానికి వాడే నమూనాలు, వరసగా గుచ్చి ఉన్నాయి.

"ఇందులో నీకు నచ్చింది చెప్పు" అన్నాడు.

ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, "అన్నీ తెలుపేగా!" అంది.

ఆయన మొహం చిన్నబోయింది. "ఇది తెలుపా? ఇదీ ఇదీ ఒకటేనా? ఇటు వెలుతుర్లోకి రా" అని ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని బాల్కనీలోకి తీసుకెళ్ళాడు. ఇద్దరూ ఇంకా అక్కడే ఉన్నారు. ఎరుపులో ఎన్ని రకాలున్నాయో ఆవిడ చెబుతోంది, తెలుపులో ఎన్ని ఉన్నాయో ఆయన చెబుతున్నాడు. పొయ్యి మీద ఏదో మాడుతున్న వాసన ఇద్దరికీ తెలిసినట్టు లేదు.